అడగండి మాస్టారూ: ఈసారి ఉత్తరాలన్నీ కార్బైడ్ మీదే

గోడకు బెజ్జం వేసే డ్రిల్ బిట్ కొనకు కార్బైడ్ ముక్క అతికించి ఉంటుందని క్రితం సంచికలో ఒక జవాబులో రాశాను. అంతే, మామిడిపండ్ల దగ్గర్నుంచి పెళ్ళి ఉంగరం దాకా ఉత్తరాలు వచ్చి పడ్డాయి. నేను ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చెప్పి రిటైరైన మనిషిని. అంతకుముందు బాలానగర్‌లో టూల్‌రూమ్‌లో చేశాను. కాబట్టి లేత్ (ఇనుమును గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రం) ప్రశ్నకు కాస్త ఎక్కువ చోటు తీసుకున్నాను, మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మాస్టారూ, మా షాపులో లేత్ మీద కార్బైడ్ టిప్ టూల్ పెడితే అంచు ఊరికే చెక్కు లేచిపోతోంది. హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) టూల్‌తో ఈ బాధ లేదు. కార్బైడ్ ఇంకా గట్టిది కదా, మరి ఎందుకు విరగాలి? మా ఓనరు నన్నే తిడుతున్నాడు. (ఒక టర్నర్, ఆటోనగర్, విజయవాడ)

జవాబు: నీ తప్పు ఎంతో తర్వాత తేలుద్దాం తమ్ముడూ. గట్టిదనం వేరు, దెబ్బకు ఓర్చుకోవడం వేరు. హెచ్‌ఎస్‌ఎస్ అనేది ఉక్కు, దెబ్బ తగిలితే ఎంతో కొంత ఓర్చుకుంటుంది. కార్బైడ్ టిప్ ఉక్కు కాదు. టంగ్‌స్టన్ కార్బైడ్‌ను మెత్తటి పొడి చేసి, అందులో కోబాల్ట్ పొడి కలిపి, అచ్చులో నొక్కి, సుమారు 1,400 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఆ వేడికి కోబాల్ట్ కరిగి గింజల సందుల్లోకి పాకుతుంది. పల్లీ పట్టీలో పల్లీలను బెల్లంపాకం పట్టుకున్నట్టు కార్బైడ్ గింజలను కోబాల్ట్ పట్టుకుని ఉంటుంది. కొలిమిలోంచి బయటికొచ్చేసరికి ముక్క పొడవూ వెడల్పూ ఐదో వంతు దాకా తగ్గిపోతాయి. అందుకే అచ్చు ముందే పెద్దదిగా చేసుకుంటారు.

గట్టిదనం గింజలది, పట్టు కోబాల్ట్‌ది. కోబాల్ట్ 6 శాతం ఉన్న టిప్ తొందరగా అరగదు, కానీ దెబ్బకు చెక్కు లేస్తుంది. 10, 12 శాతానికి పోతే దెబ్బకు ఆగుతుంది, తొందరగా అరుగుతుంది. రెండూ ఒకే ముక్కలో కావాలంటే కుదరదు. ఈ పేజీలో సగం ప్రశ్నలకు అసలు జవాబు ఇదే.

ఇక నీ టూల్ సంగతి. ముందు షాంకు (టిప్ అతికించి ఉన్న ఉక్కు కడ్డీ) మీద రంగు చూడు. నీలం అయితే పి గ్రేడు, స్టీలుకు. ఎరుపు అయితే కె గ్రేడు, సిఐకి, అంటే పోత ఇనుముకు. పసుపు ఎం గ్రేడు, స్టెయిన్‌లెస్ లాంటివాటికి. మన షాపుల్లో ఏ టూల్ చేతికి దొరికితే అది పెట్టేస్తారు. పోత ఇనుముకు కొన్న ఎర్ర రంగు టూల్‌తో ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మామూలు ఉక్కు) కోస్తే, వేడి చిప్ (కోసేటప్పుడు లేచే లోహపు చీలిక) రాసుకుపోయి టిప్ పైముఖం మీద గుంట పడుతుంది. ఆ గుంట అంచుదాకా వచ్చిందంటే అంచు ఊడుతుంది.

తర్వాత స్పీడు. చాలామంది పట్టించుకోనిది ఇదే. 50 మిల్లీమీటర్ల ఎంఎస్ రాడ్ అనుకో. హెచ్‌ఎస్‌ఎస్‌తో నిమిషానికి 30 మీటర్ల వేగం చాలు, అంటే దాదాపు 190 ఆర్‌పీఎం. కార్బైడ్‌కు 120 మీటర్లు కావాలి, అంటే 760 ఆర్‌పీఎం పైమాటే. పాత లేత్ ఊగుతుందని మీవాళ్ళు కార్బైడ్‌ను కూడా 200, 250లో నడుపుతారు. అంత నెమ్మదిలో ఎంఎస్ చిప్ అంచుకు అతుక్కుని గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊడేటప్పుడు అంచును కూడా పీక్కుపోతుంది. చూసేవాడికి టిప్ నాసిరకం అనిపిస్తుంది. చిప్ రంగు చూసుకో, కార్బైడ్‌తో స్టీలు కోస్తుంటే నీలం తిరిగిన చిప్ రావడం మామూలే, భయపడి స్పీడు తగ్గించకు.

ఫీడ్ వేసి, అంటే టూల్ కోస్తూ ముందుకు జరుగుతూ ఉండగానే మెషిన్ ఆపేస్తున్నావా? కరెంటు పోయినప్పుడు ఎవరమూ ఏమీ చేయలేం గానీ, చేతులారా ఆపేటప్పుడు ముందు టూల్ వెనక్కి తియ్యి, తర్వాత ఆపు. టూల్ లోపల దిగి ఉండగా జాబ్ (చెక్కుతున్న ముక్క) ఆగితే టిప్ కొన అక్కడే విరుగుతుంది. టూల్ హోల్డరు బయటికి చాచి బిగించినా, టూల్ కొన జాబ్ సెంటర్ ఎత్తుకు సరిగ్గా లేకపోయినా ఇదే గతి.

కూలెంట్ (టూల్‌ను చల్లబరచడానికి పోసే ద్రవం) విషయంలో మొహమాటం వద్దు. పోస్తే ఆగకుండా ధారగా పొయ్యి, లేకపోతే అసలు పొయ్యొద్దు. బ్రష్‌తో అప్పుడప్పుడు చిలకరిస్తే, ఎర్రగా కాలి ఉన్న టిప్ ఒక్కసారిగా చల్లబడి అంచుకు అడ్డంగా దువ్వెన పళ్ళలా సన్నటి పగుళ్ళు వస్తాయి. గ్రైండింగ్‌లోనూ అంతే. తెల్ల వీల్ హెచ్‌ఎస్‌ఎస్‌కు. కార్బైడ్‌కు ఆకుపచ్చ వీల్ వాడాలి, డైమండ్ వీల్ అయితే మరీ మంచిది. పట్టాక చుయ్యిమని నీళ్ళ డబ్బాలో ముంచడం హెచ్‌ఎస్‌ఎస్‌తో వచ్చిన అలవాటు. కార్బైడ్ టిప్‌ను గాలికి వదిలెయ్. చివరగా సన్నటి ఆయిల్‌స్టోన్‌తో అంచు మీద ఒక్కసారి మెల్లగా రుద్ది ఆ మొన చంపెయ్. బ్లేడులాంటి పదును ఈ సరుకుకు పనికిరాదు.

టిప్ టూల్‌ను పాత మేస్త్రీలు ‘విడియా’ అంటుంటే వినే ఉంటావు. అది జర్మనీలో క్రుప్ కంపెనీ 1926లో పెట్టిన పేరు. అసలు పేటెంటు 1923లో కార్ల్ ష్రోటర్‌ది. ఆయన ఓస్రామ్ బల్బుల కంపెనీ మనిషి. బల్బుల్లోకి టంగ్‌స్టన్ తీగ లాగడానికి వజ్రపు డైలు (తీగను సన్నబరిచే బెజ్జపు అచ్చులు) కావాల్సి వచ్చేవి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి మొదలైన పని ఇంతదూరం వచ్చింది.

ప్రశ్న: అంకుల్, మా ఆయనకు పెళ్ళిలో టంగ్‌స్టన్ ఉంగరం తొడిగాను. గీత కూడా పడదంటే మురిసిపోయాం. ఇప్పుడు ఒక ఫ్రెండ్, వేలు వాస్తే డాక్టర్లు కూడా కోయలేరు, వేలే తీసేయాలి అని భయపెడుతోంది. నిజమా? (ఒక పాఠకురాలు, డల్లాస్)

జవాబు: వేలికి వచ్చిన భయమేమీ లేదమ్మా. టంగ్‌స్టన్ ఉంగరం అని అమ్మేది టంగ్‌స్టన్ కార్బైడే. బంగారు ఉంగరం కోసే చిన్న రంపం దీనిమీద తిరగదు, అంతవరకు నిజం. కానీ దీన్ని కోయనక్కర్లేదు, పగలగొట్టొచ్చు. బిగిస్తే అలాగే పట్టుకుని ఉండే వైస్‌గ్రిప్ ప్లయర్‌ను ఉంగరం మీద పెట్టి, కొంచెం బిగించి వదిలి, ఇంకో చోట మరికొంచెం బిగిస్తూ పోతే టప్పున ముక్కలవుతుంది. గట్టిదైనా దెబ్బకు ఓర్చుకోదని పైన తమ్ముడికి చెప్పిన సంగతే ఇక్కడ మీకు మేలు చేస్తుంది. ముక్కలు ఎగురుతాయి కాబట్టి కళ్ళద్దాలు పెట్టుకోవాలి, వేలు మీద గుడ్డ కప్పాలి. ఆసుపత్రి వాళ్ళకు ఈ పద్ధతి తెలుసు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఈ ఉంగరాన్ని సాగదీసి సైజు మార్చడం ఏ కంసాలి వల్లా కాదు.

ప్రశ్న: సార్ నమస్తే. మా చేన్ల బోరు వేయిస్తే రాయి గట్టిగున్నదని, బిట్ బటన్లు పోయినయని అడుగుకు రేటు పెంచిండ్రు. ఆ బటన్లు వజ్రాలా? ఇంకో మాట, మొదట పెద్ద బిట్ పెట్టి తర్వాత చిన్న బిట్ ఎందుకు పెడతరు? (ఒక రైతు, నల్లగొండ జిల్లా)

జవాబు: వజ్రాలు కావు, టంగ్‌స్టన్ కార్బైడే. ఉక్కు బిట్ ముఖానికి గుండ్రటి కార్బైడ్ గుబ్బలు దిగ్గొట్టి ఉంటాయి. కంప్రెసర్ గాలి లోపల హ్యామర్‌ను ఆడిస్తే, అది బిట్‌ను నిమిషానికి వెయ్యికి పైగా దెబ్బలు కొడుతుంది. గుబ్బ రాయిని కోయదు, నలగ్గొడుతుంది. పొడిని అదే గాలి పైకి ఊదేస్తుంది. ఇన్ని దెబ్బలు తినాలి కాబట్టి లేత్ టిప్ కన్నా ఇందులో గింజ ముతకగా ఉంచుతారు.

మీ నల్లగొండ గ్రానైటులో క్వార్ట్జ్ ఉంటుంది. అది గుబ్బలను అరగదీస్తుంది. గుండ్రటి గుబ్బ నెత్తి చదునైపోతుంది. ఆ చదును గుబ్బ వెడల్పులో మూడో వంతుకు వచ్చేలోపే మళ్ళీ గుండ్రంగా గ్రైండ్ చేయాలి. చేయకుండా కొడుతూ పోతే అడుగు దిగదు, డీజిల్ కాలుతుంది, ఆఖరికి గుబ్బ పగిలి ముక్క బోరులో పడుతుంది. ఆ ముక్క మీద కొత్త బిట్ దింపితే దానికీ అదే గతి.

బయటి వరస గుబ్బలు ముందు అరుగుతాయి, ఎందుకంటే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం తిరిగేవి అవే. అవి అరిగేకొద్దీ బెజ్జం కిందికి సన్నబడుతుంది. అందులోకి నిండు సైజు కొత్త బిట్ దింపితే మధ్యలో ఇరుక్కుంటుంది. అందుకే తెలిసిన డ్రిల్లరు బిట్లను సైజు కొలిచి పెట్టుకుని, పెద్దది ముందు, అరిగినది తర్వాత దింపుతాడు. పైన మట్టిపొరలో కేసింగ్ పైపు దిగాలి కాబట్టి అక్కడ ఎలాగూ వెడల్పు కావాలి. రేటు పెంచడం న్యాయమా కాదా అంటారా, బిట్‌ను బయటికి తీయించి చూడండి. గుబ్బలు నిజంగా చదునైతే కంటికే తెలుస్తుంది.

ప్రశ్న: మాస్టారూ, మామిడికాయల్లో పెట్టే కార్బైడూ, మా వారి డ్రిల్ బిట్‌లో కార్బైడూ ఒకటేనా? పండ్లు కడిగితే పోతుందా? కార్బైడ్ పండును గుర్తుపట్టేదెలా? (ఒక గృహిణి, తెనాలి)

జవాబు: ఒకటి కాదమ్మా. కార్బన్ ఏదైనా లోహంతోనో, సిలికాన్ లాంటి మూలకంతోనో కూడితే కార్బైడ్ అంటారు, కూడిన మూలకాన్ని బట్టి గుణం మారిపోతుంది. టంగ్‌స్టన్‌తో కూడింది నీళ్ళలో ఏళ్ళ తరబడి పడేసినా చలించదు. మామిడికాయల వాళ్ళు వాడేది కాల్షియం కార్బైడ్. సున్నం, కోక్ బొగ్గు కలిపి కరెంటు కొలిమిలో 2,000 డిగ్రీల పైన కాలిస్తే వచ్చే బూడిదరంగు రాయి. దానికి చెమ్మ తగిలితే చాలు, ఎసిటిలీన్ గ్యాస్ వస్తుంది, సున్నం మిగులుతుంది. కాయ దానంతట అది పండేటప్పుడు ఇథిలీన్ అనే గ్యాస్ వదులుతుంది. ఎసిటిలీన్ దానికి దగ్గరి చుట్టం కాబట్టి కాయ మోసపోయి రంగు తిరుగుతుంది.

అసలు చిక్కు ఎసిటిలీన్ కాదు. అమ్మే కార్బైడ్ వెల్డింగ్ షాపుల కోసం చేసిన సరుకు. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్ళు ఉంటాయి. వెల్లుల్లి కుళ్ళినట్టు కొట్టే ఆ వాసన వాటి వల్లే వస్తుంది, శుద్ధమైన ఎసిటిలీన్‌కు అంత వాసన ఉండదు. పండ్లు మాగబెట్టడానికి దీన్ని వాడకూడదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల్లో ఉంది, అంతకుముందున్న కల్తీ నిరోధక నియమాల్లోనూ ఉంది. ఇథిలీన్ గ్యాస్‌ను మాత్రం గదుల్లో పది లక్షల పాళ్ళకు 100 పాళ్ళు మించకుండా వాడుకోవచ్చు.

గుర్తుపట్టడానికి వాట్సాప్‌లో తిరిగే నీళ్ళ పరీక్షలూ అగ్గిపుల్ల పరీక్షలూ నమ్మకండి. ఇంట్లో కూర్చుని రుజువు చేసే దారి లేదు. అనుమానించడానికి మాత్రం వీలుంది. బంగినపల్లి కాయ అంతా ఒకే పసుపు తిరిగి, తొడిమ దగ్గర వాసన చూస్తే ఏమీ రాక, కోస్తే లోపల పుల్లగా, టెంక దగ్గర తెల్లగా ఉంటే లేత కాయను తొందరపెట్టారన్నమాట. ఉగాదికే పండిన బంగినపల్లి కుప్పలు కనిపిస్తే నేనైతే కొనను. కడిగితే పైన పడ్డ పొడి పోతుంది. ధారగా పడే నీళ్ళలో కడిగి, తొక్క తీసి తినండి, తొక్క పట్టుకుని చీకకండి.

అన్నిటికన్నా సుఖం, ముదురు కాయలు కొని ఇంట్లోనే వరిగడ్డిలోనో పాత పేపర్లలోనో పెట్టుకోవడం. మధ్యలో రెండు పండిన అరటిపండ్లు పడేయండి, అవి వదిలే ఇథిలీన్ చాలు.

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి వీడియోలు చూసి పీవీసీ పైపుతో కార్బైడ్ గన్ చేస్తానంటున్నాడు. ఉత్త చప్పుడే కదా అంటున్నాడు. ఏం చెప్పమంటారు? (ఒక తండ్రి, కరీంనగర్)

జవాబు: చెప్పడం కాదు, ఆ పైపు విరిచెయ్యండి. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో, కార్బైడ్ నుంచి వచ్చే ఎసిటిలీన్‌ను పైపులో పేల్చే ఈ ఆట వల్లే వందమందికి పైగా కళ్ళ గాయాలతో ఆసుపత్రుల పాలయ్యారు, ఎక్కువమంది పిల్లలే. పెట్రోలు ఆవిరి గాలిలో 8 శాతం దాటితే అంటుకోదు. ఎసిటిలీన్ రెండున్నర శాతం నుంచి 80 శాతం దాకా ఎంత కలిసినా పేలుతుంది. ఒకసారి లైటరు నొక్కితే పేలకపోతే పిల్లవాడు ఏం చేస్తాడు? పైపులోకి తొంగిచూస్తాడు. సరిగ్గా అప్పుడే పేలుతుంది. మంటతో పాటు తడి సున్నం, కరగని కార్బైడ్ పలుకులు కంట్లో పడతాయి. సున్నం క్షారం. యాసిడ్ కన్నా లోతుగా కంటిని తినేస్తుంది. ఎక్కడైనా అలా జరిగితే నలపనివ్వకుండా రెప్పలు విప్పి కనీసం అరగంట శుభ్రమైన నీళ్ళు ధారగా పోస్తూ ఉండాలి, పోస్తూనే కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పసరులూ పాలూ పోయొద్దు.

వెల్డింగ్ సిలిండర్లో ఇదే గ్యాస్ ఉంది కదా అనొచ్చు. అక్కడ దాన్ని ఉత్తగా నింపరు. సిలిండరు నిండా స్పంజిలాంటి పదార్థం, అందులో ఎసిటోన్, ఆ ఎసిటోన్‌లో గ్యాస్ కరిగి ఉంటుంది. దానంతట అది పేలకుండా అన్ని ఏర్పాట్లు చేసుకుంటేనే పెద్దవాళ్ళు ముట్టుకునే సరుకది.

ప్రశ్న: భోపాల్‌లో పేలింది కూడా ఈ కార్బైడేనా? కంపెనీ పేరు యూనియన్ కార్బైడ్ కదా. (ఒక డిగ్రీ విద్యార్థి, కర్నూలు)

జవాబు: కాదు. 1984 డిసెంబరు 2 రాత్రి అక్కడ బయటికొచ్చింది పురుగుమందు తయారీలో వాడే మిథైల్ ఐసోసయనేట్. ట్యాంకులోకి నీళ్ళు చేరడంతో వేడెక్కి తన్నుకొచ్చింది. పేరు మాత్రం పాత వ్యాపారం వల్ల వచ్చింది. 1892లో అమెరికాలో థామస్ విల్సన్ అల్యూమినియం తీయబోతే కాల్షియం కార్బైడ్ వచ్చింది. కరెంటు దీపాలు పల్లెలకు చేరని ఆ రోజుల్లో దాని గ్యాసుతో వీధిదీపాలు, సైకిలు దీపాలు, గనుల్లో టోపీ దీపాలు వెలిగించేవారు. ఆ కార్బైడ్ అమ్మడానికే 1898లో ఆ కంపెనీ పుట్టింది. మన దేశంలో ఎవరెడీ బ్యాటరీలు చేసింది కూడా వాళ్ళే.

ప్రశ్న: సార్, మా జిల్లాలోని కోనసముద్రం ఉక్కుతో డమాస్కస్ కత్తులు చేశారంటారు. అందులో కూడా కార్బైడ్ ఉంటుందని మా లెక్చరర్ అన్నారు. ఎట్లా? (ఒక విద్యార్థిని, నిజామాబాద్)

జవాబు: మీ లెక్చరర్ సరిగ్గానే చెప్పారు. ఇనుము, కార్బన్ కూడితే ఐరన్ కార్బైడ్ వస్తుంది, పుస్తకాల్లో సిమెంటైట్ అని ఉంటుంది. మామూలు స్టీలులోనూ ఇది ఉంటుంది గానీ కొద్దిగా. కోనసముద్రం పద్ధతిలో ఇనుప ముక్కలను మట్టి మూసలో పెట్టి, మూత మెత్తి, కొలిమిలో గంటల తరబడి కాల్చి, చాలా నెమ్మదిగా చల్లార్చేవారు. కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఎక్కేది. ఆ ముద్దను మరీ ఎర్రగా కాల్చకుండా ఓపిగ్గా సాగగొడితే కార్బైడ్ గింజలు వరసలు కడతాయి. కత్తి చేసి పులుసులాంటి ఆమ్లం రాస్తే మెత్తటి ఇనుము నల్లబడుతుంది, కార్బైడ్ వరసలు తెల్లగా నిలుస్తాయి. డమాస్కస్ కత్తి మీద నీటి అలల్లా కనిపించే గీతలు అవే. లేత్ టిప్‌లో లాగే ఇక్కడా గట్టి గింజలను మెత్తటి లోహం పట్టుకుని ఉంది.

హెన్రీ వాయ్సీ అనే ఆంగ్లేయుడు కోనసముద్రం వచ్చి ఈ పని దగ్గరుండి చూశాడు. ఆయన రాసింది 1832లో అచ్చయింది. ఈ ఉక్కు కొనడానికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు అక్కడికి వచ్చేవారని అందులో ఉంది. వరసలు కట్టడానికి ఖనిజంలో లేశంగా ఉండే వెనేడియం లాంటి లోహాలు కారణమని అమెరికాలో వెర్‌హోవెన్ అనే లోహశాస్త్రవేత్త, పెండ్రే అనే కమ్మరి కలిసి కత్తులు చేసి మరీ చూపించారు. శాస్త్రవేత్తకు కమ్మరి తోడు కావాల్సి వచ్చిందన్నది నాకు భలే నచ్చిన సంగతి.

ప్రశ్న: కత్తులు నూరే కార్బొరాండం రాయి, కొత్త ఎలక్ట్రిక్ కార్లలో వచ్చే సిలికాన్ కార్బైడ్ చిప్ ఒకటే అంటే నమ్మొచ్చా? (ఒక పాలిటెక్నిక్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: నమ్మొచ్చు, పదార్థం ఒకటే. 1891లో అచెసన్ అనే ఆయన కొలిమిలో చేశాడు. ఇప్పటికీ పెద్ద ఎత్తున ఇసుక, పెట్రోలియం కోక్ కుప్పపోసి, మధ్యలో గ్రాఫైట్ కడ్డీ గుండా కరెంటు పంపే చేస్తారు. అలా వచ్చిన ముద్దను పగలగొట్టి సాన రాళ్ళు, కారు పెయింటర్లు వాడే నల్ల వాటర్ పేపర్, పైన చెప్పిన ఆకుపచ్చ వీల్ చేస్తారు. మన దేశంలో చెన్నై కార్బొరాండం యూనివర్సల్ 1954 నుంచి ఈ వ్యాపారంలో ఉంది. నగల షాపుల్లో వజ్రానికి బదులు పెట్టే మోయిసనైట్ రాయి కూడా ఇదే.

చిప్ కోసం మాత్రం మలినం లేని ఒకే స్ఫటికాన్ని గ్యాస్ నుంచి మెల్లగా పెంచాలి. అందుకే దాని ఖరీదు అంత. మామూలు సిలికాన్ కన్నా దాదాపు పది రెట్లు ఎక్కువ విద్యుత్ ఒత్తిడికి తట్టుకుంటుంది, వేడిని తొందరగా బయటికి పంపుతుంది. టెస్లా 2018 నాటికి మోడల్ 3 ఇన్వర్టరులో పెట్టింది, తర్వాత మిగతావాళ్ళు పట్టుకున్నారు.

ప్రశ్న: సార్, మా వర్క్‌షాపులో వాడేసిన ఇన్సర్టులు (టూల్‌కు బిగించి, అరిగాక మార్చే కార్బైడ్ బిళ్ళలు) డబ్బా నిండా ఉన్నాయి. పాత ఇనుము వాడికి వేసేద్దామా? (ఒక చిన్న పరిశ్రమ యజమాని, జీడిమెట్ల)

జవాబు: పొరపాటున కూడా ఇనుము లెక్కన వేయకండి. టంగ్‌స్టన్ ఎక్కువగా చైనా నుంచే ప్రపంచానికి వస్తుంది, కాబట్టి పాత కార్బైడ్‌కు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. కరిగించిన జింక్‌లో వేస్తే కోబాల్ట్ వదులైపోయి కార్బైడ్ మళ్ళీ పొడిగా చేతికొస్తుంది, దాన్ని తిరిగి టిప్పులకు వాడతారు. కార్బైడ్ స్క్రాప్ మాత్రమే కొనేవాళ్ళను ఇద్దరు ముగ్గుర్ని అడిగి, ఆ రోజు ధర చూసుకుని ఇవ్వండి.

అమ్మేముందు వేరు చేసుకోండి. సాలిడ్ (మొత్తం కార్బైడే అయిన) డ్రిల్లులు, ఇన్సర్టులు, బ్రేజింగ్ (షాంకుకు ఇత్తడితో అతికించిన) టిప్పులు వేటికవి. టిప్‌ను షాంకుతో సహా ఇస్తే ఇనుము బరువు తీసేసి కడతారు, ఆ లెక్క ఎప్పుడూ వాళ్ళ వైపే మొగ్గుతుంది. గ్యాస్ కట్టర్‌తో షాంకు వేడి చేస్తే ఇత్తడి కరిగి టిప్ ఊడి వస్తుంది. సెర్మెట్ (టంగ్‌స్టన్‌కు బదులు ఎక్కువగా టైటానియంతో చేసేవి) ఇన్సర్టులు చూడ్డానికి ఇలాగే ఉంటాయి గానీ చేతిలో వేసుకుంటే తేలిగ్గా ఉంటాయి. కార్బైడ్ ఇనుము కన్నా దాదాపు రెట్టింపు బరువు.

మీ గ్రైండింగ్ మెషిన్ దగ్గర చేరే బూడిదరంగు బురదను కూడా ఎండబెట్టి కొనేవాళ్ళున్నారు. అది తీసే కుర్రాడికి మాత్రం మంచి మాస్కు ఇవ్వండి. కోబాల్ట్ కలిసిన ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని పాడు చేస్తుంది, ముఖానికి కట్టుకున్న కర్చీఫ్ దాన్ని ఆపదు. గ్రైండింగ్ వీల్ వెనక దుమ్ము లాగే బ్లోయర్ లేకపోతే ఈ డబ్బా అమ్మిన డబ్బుతో ముందు అది పెట్టించండి.